ఒకే ఫైలులో హత్య, ప్రేమ
(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, వైద్య ఖర్చుల బిల్లుల గురించి మాట్లాడవలసిన పెద్దలు మాట్లాడేశారు. భోజనాలకు ముందు మిగిలిన అరగంట నాకు దయచేశారు. ఆకలి వేళ అచ్చంగా శవాల గురించి చెబితే బాగుండదు కాబట్టి కాస్త ప్రేమ కూడా కలిపి చెబుతాను. అసలు ఈవేళ నా విషయమే అది.

మన సంచికలో నేను రాస్తున్న అపరాధ పరిశోధక కథలు ఇంతవరకు ఐదు వచ్చాయి. అన్నీ 1850ల నాటి మన ప్రాంతపు కథలే. నేరాన్ని కనిపెట్టేది తాలూకా కచేరీలో పనిచేసే ఒక గుమాస్తా. ఆయనకు నేను పేరు పెట్టలేదు. అందరూ “గుమాస్తాగారు” అంటారు, అంతే. ముప్పై ఆరేళ్ళు నన్నూ అలాగే పిలిచారు కనుక ఆ పేరు చాలుననుకున్నాను.

ఆ కథల మీద ఉత్తరాలు వచ్చాయి. రేపల్లె నుంచి ఒక మిత్రుడు, “హత్య కోసం చదువుతుంటే మధ్యలో ఈ సరసం ఏమిటండీ? దర్యాప్తు కుంటుపడుతోంది” అని రాశారు. బాపట్ల నుంచి ఒక సోదరి, “హంతకుణ్ణి పట్టుకున్నారు, సంతోషం. ఆ పిల్ల గతి ఏమైంది? ఆమెకు పెళ్ళి చెయ్యండి” అని రాశారు. రెండు ఉత్తరాలూ ఒకే వారంలో వచ్చాయి. ఇద్దరికీ కలిపి ఇక్కడ సమాధానం చెప్పుకోమని కార్యదర్శి గారు ఉత్తర్వు వేశారు.

ఈ తగువు కొత్తది కాదు. అమెరికాలో వాన్ డైన్ అనే రచయిత 1928లో డిటెక్టివ్ కథలకు ఇరవై నిబంధనలు ప్రకటించాడు. మూడో నిబంధనలోనే ప్రేమ వ్యవహారాన్ని నిషేధించాడు. కథ పని నేరస్థుణ్ణి న్యాయస్థానానికి చేర్చడం గాని వధూవరులను పెళ్ళిపీటల మీదికి చేర్చడం కాదని ఆయన వాదన. ఇంగ్లండులో డొరతీ సేయర్స్ గారికీ మొదట్లో దాదాపు అదే అభిప్రాయం. తరువాత ఆవిడే తన డిటెక్టివు లార్డ్ పీటర్‌ను, హత్యానేరం మోపబడి బోనులో నిలబడిన హారియట్ అనే రచయిత్రితో ప్రేమలో పడవేశారు. అది 1930లో. 1937లో గాని పెళ్ళి పుస్తకం రాలేదు. ఏడేళ్ళపాటు పాఠకులు ఎదురుచూశారు.

వంగదేశంలో శరదిందు బందోపాధ్యాయ గారు ఈ చిక్కును ఇంకా తేలికగా విప్పారు. ఆయన వ్యోమకేశ్ బక్షి ఒక హత్య కేసులో సత్యవతిని చూశాడు, పెళ్ళి చేసుకున్నాడు, ఆ తరువాత కూడా నిక్షేపంగా కేసులు చూసుకున్నాడు. సంసారం పెట్టుకుంటే డిటెక్టివుకు బుర్ర పనిచేయదనే భయం ఆయనకు లేదు. మనమంతా సంసారాలు ఈదుతూనే ఫైళ్ళు నడిపాం కదా!

ఇక చరిత్రలో హత్య అంటారా, ఎల్లిస్ పీటర్స్ అనే కలం పేరుతో ఎడిత్ పార్జెటర్ గారు 1977 నుంచి 1994 వరకు ఇరవై నవలలు రాశారు. 12వ శతాబ్దపు ఇంగ్లండులో క్యాడ్ఫేల్ అనే సన్యాసి మఠంలో మూలికలు పెంచుకుంటూ హత్యలు ఛేదిస్తాడు. ఆ నవలల్లో తరచుగా ఒక పడుచు జంట ఉంటుంది. సన్యాసి కనుక ఆయనకు పెళ్ళి గొడవ లేదు. కాని యౌవనంలో యుద్ధాలకు పోయి ప్రేమించినవాడే కనుక ఆ జంట బాధ ఆయనకు తెలుసు. హత్య ఏ పుస్తకానికి ఆ పుస్తకంలో తీరిపోతుంది. మనిషి మీద కనికరం మాత్రం పుస్తకం నుంచి పుస్తకానికి పెరుగుతూ వస్తుంది. వరుసగా రాసేవాళ్ళు నేర్చుకోవలసిన సూత్రం ఇదే.

మన దగ్గర ఏముంది అంటారేమో, మన దగ్గర లేనిదేమిటి? తెనాలిలో పుట్టిన కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్‌నూ, అసిస్టెంట్ రాజునూ మరిచిపోయినవారు ఈ హాలులో ఉన్నారా? నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో తెనాలిలో అద్దె పుస్తకాల షాపు ముందు ఆ నవలల కోసం వంతులు వేసుకునేవాళ్ళం. అక్కడ కేసుదే పెద్దపీట.

రేపల్లెలో వకీలుగా ఉన్న నోరి నరసింహశాస్త్రి గారు రెండో పీట వేశారు. నారాయణభట్టు, రుద్రమదేవి, మల్లారెడ్డి, కవిసార్వభౌముడు, కవిద్వయము, ధూర్జటి - ఒక్కొక్క కవి కాలాన్ని ఒక్కొక్క నవలగా కట్టారు. నారాయణభట్టు అసలు మనిషే. రాజరాజనరేంద్రుడు ఆయనకు నందంపూడి అగ్రహారం ఇచ్చినట్లు తామ్రశాసనం ఉంది. శాసనం అంటే ఏమిటి? మన భాషలో ప్రొసీడింగ్సు. ఒక ఉత్తర్వును పట్టుకుని ఒక లోకాన్ని నిలబెట్టవచ్చునని రేపల్లెలో కూర్చుని చూపించిన వకీలు గారు ఆయన.

అడవి బాపిరాజు గారి హిమబిందు సరేసరి. శాతవాహనుల ధాన్యకటకం, అంటే మన అమరావతి సీమ. అందులో ఒక విషకన్య ఉంది. రాజకుమారుణ్ణి చంపడానికని పసితనం నుంచి విషం అలవాటు చేసి పెంచిన పిల్ల. ఆ పిల్ల చుట్టూనే ప్రేమ అల్లుకుంటుంది. చంపవలసిన చెయ్యే ప్రేమించవలసిన చెయ్యి. నేను చెప్పదలచిన సమతూకం అదేనండి. ప్రేమ ఒక పేజీలో, హత్య ఇంకో పేజీలో పెట్టి లెక్క సరిచేస్తే తూకం కాదు. ప్రేమను తీసేస్తే హత్య అర్థం కాకూడదు. హత్యను తీసేస్తే ప్రేమకు పరీక్ష ఉండకూడదు.

ఇంతకీ నా కథలకు 1850లు ఎందుకు ఎంచుకున్నానంటే, అందులో మన శాఖాభిమానం ఉంది. 1816 నాటి మద్రాసు రెగ్యులేషన్ల ప్రకారం తాలూకాలో పోలీసు అధికారం తాసీల్దారుదే. 1859లో చట్టం వచ్చి పోలీసుశాఖను విడదీసేదాకా హత్య జరిగితే ఆ కాగితాలు కచేరీకే వచ్చేవి. కనుక గుమాస్తా హత్య కేసు చూడడం నా గొప్ప కోసం కల్పించింది కాదు, ఆనాటి పద్ధతే. వేలిముద్రల కార్యాలయం కలకత్తాలో పెట్టింది 1897లో. కనుక నా గుమాస్తాకు వేలిముద్రలు లేవు. మద్రాసులో కెమికల్ ఎగ్జామినరు మాత్రం 1849 నుంచీ ఉన్నాడు. విషమని అనుమానం వస్తే సరుకు కట్టి మద్రాసు పంపాలి. జవాబు వచ్చేదాకా కాచుకోవాలి. ఆ కాచుకునే రోజులు రచయితకు వరం. హత్య కాగితం మద్రాసులో ఉంటుంది, మనుషుల మనసులు ఇక్కడ బయటపడుతుంటాయి.

ఇక బాపట్ల సోదరి అడిగిన మూడో కథకు వస్తాను. చదవనివారి కోసం క్లుప్తంగా చెబుతాను. 1855. బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట పూర్తయిన సంవత్సరం. బాపట్లలో భావనారాయణస్వామి గుడికి దగ్గరలో ఒక ధాన్యం వర్తకుడు తన కొట్లోనే చచ్చిపడి ఉన్నాడు. ఆయన దగ్గర పద్దులు రాసే కుర్రవాడి మీద అనుమానం. “ఆ రాత్రి ఎక్కడున్నావురా?” అంటే వాడు నోరు విప్పడు. కొట్టినా విప్పడు. ఉరి తప్పదని చెప్పినా విప్పడు.

వాడు ఆ రాత్రి ఎదురింటి పెరటి గుమ్మం దగ్గర నిలబడి ఒక బాలవితంతువుతో మాట్లాడుతున్నాడు. మాట్లాడడం తప్ప మరేమీ లేదు. కాని ఆ మాట బయటపడితే ఆ పిల్లకు ఊళ్ళో నిలువ నీడ ఉండదు. చెబితే తన ప్రాణం దక్కుతుంది, ఆమె బతుకు పోతుంది. చెప్పకపోతే తన ప్రాణం పోతుంది. రేపల్లె మిత్రుడు అడిగారు కదా, సరసం ఎందుకని? అయ్యా, ఆ ప్రేమే ఈ కేసులో ఎలిబీ. దాన్ని కొట్టివేస్తే కేసు ఒక పేజీలో అయిపోతుంది, నిర్దోషి ఉరికంబం ఎక్కుతాడు.

పిల్ల ఊరుకోలేదు. గుమాస్తాగారి తల్లి గుడికి వచ్చినప్పుడు స్తంభం చాటున నిలబడి, “పిన్నిగారూ, ఆ రాత్రి రెండో జాములో కొట్లో దీపం వెలిగింది. అప్పటికి వాడు ఇక్కడే ఉన్నాడు” అని చెప్పింది. ఇందులో ప్రేమా ఉంది, ఆధారమూ ఉంది. చచ్చినవాడి కొట్లో అర్ధరాత్రి దీపం ఎవరు వెలిగించారు? ఎందుకు?

గుమాస్తాగారు కవిలెకట్ట తెప్పించారు. తాటాకుల మీద గంటంతో రాసిన పద్దులు. ఒక ఆకు తీసి కన్నం చూశారు. మిగతా ఆకులన్నిటికీ దారం ఒరుసుకుని కన్నం అంచులు అరిగి నున్నగా ఉన్నాయి. ఈ ఆకు కన్నం మాత్రం పదునుగా ఉంది. కొత్తగా రాసి పాత కట్టలో గుచ్చిన ఆకు అది. జీవితమంతా ఫైళ్ళకు ట్యాగులు గుచ్చిన మనలాంటి వాడికి కన్నం చూస్తే తెలియదా? వర్తకుడి భాగస్వామి తన బాకీ మాయం చేయడానికి ఆకు మార్చాడు. అక్కడి నుంచి దొంగ దొరికాడు.

ఇక్కడ గుమాస్తాగారికి ఒక ధర్మసంకటం. కాగితంలో నిజమే రాయాలి. కాని ఆ పిల్ల పేరు రాస్తే రికార్డులో శాశ్వతంగా ఉండిపోతుంది. కవిలె ఆకు ఒక్కటే నేరాన్ని రుజువు చేస్తోంది కనుక దాన్నే రాసి, దీపం సంగతి తనకు ఎవరు చెప్పారో రాయలేదు. అవసరమైన నిజం అంతా రాశాడు, అవసరం లేని పేరు రాయలేదు. మీలో చాలామంది మీ సర్వీసులో ఏదో ఒక రోజు ఇలాంటి నోటు రాసి ఉంటారు. కనుకనే ఆ కథ మీకు నచ్చిందని నా నమ్మకం.

కొలతల సంగతి కూడా చెబుతాను. కొత్తగా రాయబోయేవారికి పనికి వస్తుంది. తెనాలి-రేపల్లె ప్యాసింజరులో రోజూ తిరిగినవాణ్ణి నేను. ఆ బండే నాకు గజం బద్ద. వేమూరు వచ్చేలోపు శవం కనబడాలి. భట్టిప్రోలు వచ్చేలోపు ఎవరు ఎవరిని ప్రేమిస్తున్నారో పాఠకుడికి అనుమానం తగలాలి. పల్లెకోన దాటేటప్పటికి ఆధారాలన్నీ పాఠకుడి చేతిలో ఉండాలి. రేపల్లెలో దిగేటప్పుడు హంతకుడు దొరకాలి. ప్రేమికులు కలుసుకునే ప్రతి ఘట్టంలోనూ కేసుకు సంబంధించిన ముక్క ఒకటి ఉండాలి. లేకపోతే ఆ ఘట్టం ఎంత అందంగా వచ్చినా తీసెయ్యాలి. అలాగే దర్యాప్తు జరిగే ప్రతి ఘట్టంలోనూ ఎవరో ఒకరి గుండె కొట్టుకోవడం వినబడాలి. లేకపోతే అది పంచాయతీదారుల పంచనామా అవుతుంది, కథ కాదు.

ఈ రెండో మాట నాకు చెప్పింది మా ఆవిడ. ఆమె పోయి నాలుగేళ్ళయింది. మా ఇంట్లో అద్దె పుస్తకం ఒకటే వచ్చేది, ఇద్దరం చదివేవాళ్ళం. ఒకసారి ఒక డిటెక్టివ్ నవల ముగించి, మంచం మీద పెట్టి, “ఏమండీ, హంతకుడు దొరికాడు సరే. ఆ చచ్చిపోయినాయన పెళ్ళాం ఏమైందో రాయలేదేం?” అంది. “అది కేసుకు సంబంధం లేదే” అన్నాను. “ఆవిడకు మించి సంబంధం ఎవరికుందండీ?” అంది.

ఆ మాట నాకు ఆఫీసులో బాగా అర్థమైంది. కొన్నేళ్ళు నేను పెన్షన్ల సీటు చూశాను. సర్వీసులో ఉండగా పోయిన ఉద్యోగి కాగితాలు వచ్చేవి. మరణ ధ్రువపత్రం, వారసుల ధ్రువపత్రం, సర్వీసు రిజిస్టరు. వాటితోపాటు బల్ల అవతల ఒక మనిషి నిలబడేది. పుస్తెలు లేని మెడ, చంకలో పిల్లవాడు. ఎలా పోయాడన్నది ఫైలులో ఒక గడి. ఆయన పోవడంతో ఏం పోయిందన్నది ఏ ఫారంలోనూ గడి లేదు. చారిత్రక హత్యాకథలో ప్రేమకు చోటెందుకంటే, ఆ లేని గడి కోసమే. చచ్చినవాణ్ణి ఎవరో ప్రేమించారు. అది చెప్పకుండా హంతకుణ్ణి మాత్రం పట్టిస్తే లెక్క సగమే తేలినట్టు.

చరిత్ర మీద కథ రాసేటప్పుడు ఇంకొక జాగ్రత్త కావాలి. నిజంగా బతికిన మనుషుల మీద హత్యానేరం మోపడం చిన్న విషయం కాదు. మహామంత్రి తిమ్మరుసు సినిమా మనమంతా చూశాం. 1962లో వచ్చింది. ఎన్.టి. రామారావు గారు రాయలు, గుమ్మడి గారు తిమ్మరుసు. చిన్నాదేవి ప్రణయమూ, రాజకుమారుడి మీద విషప్రయోగమూ ఒకే కథలో ఇమిడాయి. ఆ సినిమా తిమ్మరుసును నిర్దోషిగా చూపింది. మరి అసలు ఆధారం ఏమిటి? న్యూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వర్తకుడు ఏళ్ళ తరువాత రాసిన వృత్తాంతం. రాయలు ఆరేళ్ళ కొడుకుకు పట్టం కట్టాడనీ, ఉత్సవాలు జరుగుతుండగా ఆ బిడ్డ జబ్బుచేసి పోయాడనీ, తిమ్మరుసు కొడుకు విషం పెట్టాడని రాజు తరువాత విన్నాడనీ, తండ్రినీ కొడుకులనూ ఖైదు చేసి చివరికి కళ్ళు తీయించాడనీ రాశాడు. సాక్షి వాఙ్మూలం లేదు, వైద్యుడి మాట లేదు. విన్నమాట మీద కళ్ళు పోయాయి. మన ఆఫీసులో అయితే ఆకాశరామన్న అర్జీ మీద ఇంత పెద్ద దండన వేస్తే ఆ ఉత్తర్వు అప్పీలులో నిలిచేదా?

అలాగే రాణీ రుద్రమ. నల్లగొండ జిల్లా చందుపట్ల శాసనం 1289 నవంబరు నాటిది. రుద్రమదేవీ, సేనాని మల్లికార్జున నాయకుడూ మరణించారని, వారి పుణ్యం కోసం భూమి దానం చేస్తున్నాననీ పువ్వుల ముమ్మడి అనే సేవకుడు వేయించాడు. అంబదేవుడితో యుద్ధంలో పోయారని చరిత్రకారులు ఊహిస్తారు. శాసనంలో చంపినవాడి పేరు లేదు. ఉన్నది ఏమిటంటే, పోయినవాళ్ళను తలచుకుని తన చేతిలో ఉన్న నేల ఇచ్చిన ఒక చిన్న మనిషి పేరు. నన్నడిగితే అది మన చరిత్రలో గొప్ప ప్రేమలేఖల్లో ఒకటి. అందుకని నా కథల్లో చరిత్రలోని పెద్దలు దారిన పోతూ కనబడతారు గాని, వాళ్ళ చేతికి విషపాత్ర ఇవ్వను. నేరాలు నేను పుట్టించిన మనుషులే చేస్తారు.

చివరికి బాపట్ల సోదరి కోరిక. ఆ పిల్లకు పెళ్ళి చెయ్యమన్నారు. అమ్మా, నాకూ చేయాలనే ఉంది. కాని కథ జరిగింది 1855లో. వితంతువుల పునర్వివాహం చెల్లుతుందని చట్టం వచ్చింది 1856లో. చట్టం వచ్చినంత మాత్రాన పురోహితుడు వస్తాడా, ఊరు ఊరుకుంటుందా? వీరేశలింగం గారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం చేయించింది 1881 డిసెంబరు 11న. చట్టానికీ ఆ పెళ్ళికీ మధ్య పాతికేళ్ళు గడిచాయి. నా కలం చేతిలో ఉంది కదా అని 1855లోనే బాజాలు మోగిస్తే, ఆ పాతికేళ్ళూ గుమ్మాల వెనక కూర్చున్న ఆడపిల్లలందరి బాధనూ లేదని చెప్పినట్టవుతుంది. ప్రేమ పక్షాన మాట్లాడుతున్నానని చెప్పి ఆ పని నేను చేయలేను.

అయితే వాళ్ళను విడదీయనూ లేదు. ఆ కుర్రవాడు రేపల్లెకు పోయి కొట్టు పెట్టుకున్నాడు, పెళ్ళి చేసుకోలేదు. నాలుగో కథలో ఒక చోట, ఐదో కథలో ఒక చోట అతను ఉత్సవానికి బాపట్ల వచ్చి వెళ్ళడం మీరు గమనించే ఉంటారు. గమనించనివారు పాత సంచికలు తిరగేయండి. ఆరో కథ 1881 డిసెంబరులో పెడుతున్నాను. గుమాస్తాగారు అప్పటికి రిటైరై, మనలాగే పెన్షను పుచ్చుకుంటూ అరుగు మీద కూర్చుని ఉంటాడు. రాజమండ్రి కబురు బాపట్ల చేరుతుంది. అదే వారంలో ఊళ్ళో ఒక హత్య కూడా జరుగుతుంది. రేపల్లె మిత్రుడు నిరాశపడనక్కరలేదు. ఆ పిల్లకు అప్పటికి నలభై నాలుగేళ్ళు. ఆ కబురు విని ఆమె ఏం చేసిందన్నది కేసుకు సంబంధం ఉన్న విషయమే. ఇప్పుడు చెప్పను.

వడ్డన మొదలైందని వాలంటీర్లు సైగ చేస్తున్నారు. కథ వచ్చే సంచికకు అందిస్తాను.  లైఫ్ సర్టిఫికెట్లు ఇవ్వనివారు మరచిపోకుండా ఇవ్వండి; మనం బతికే ఉన్నామని ఏటా రుజువు చేసుకోవలసింది మనమే కదా.